డాబా మీద ఆరిన పలకలు

ఏళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. "అవును సార్" అన్నాను, అంతే. అనడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. వెనక్కి తీసుకోవడానికి మాత్రం నా వయసులో మంచి భాగమంతా పట్టింది. ఆ మాట వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఉద్యోగం ఇక్కడ కాకపోతే ఇంకోచోట దొరుకుతుందిలే అని నేను చాలాకాలం సర్దుకున్నాను. కానీ పోయింది ఉద్యోగం ఒక్కటే కాదు. అతని పేరు పోయింది. దాన్ని పోగొట్టింది నేను.

నా పేరు చెప్పను, అడక్కండి. భయం అనుకోండి, సిగ్గు అనుకోండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పడం తేలిక అని రాయబోయాను. అది కూడా పూర్తి నిజం కాదు. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పాకే మీ దగ్గరికి వచ్చాను. ముందే మీకు రాసేసి ఉంటే ఇదీ ఒక తప్పించుకోవడమే అయ్యేది. తప్పించుకోవడంలో నేను ఎంత ఘటికురాలినో ఇది చదివితే మీకే తెలుస్తుంది.

మాది విశాఖపట్నం. పాత ఊళ్ళో, పూర్ణా మార్కెట్‌కి నడిచిపోయేంత దూరంలో మా ఇల్లు. ఎనభైల మొదట్లో, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, కొలిములకు లోపలి పొర తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కెమిస్టుగా చేరాను. పోర్టు గోడకి దగ్గరలోనే మా షెడ్డు. మేం చేసేది సిరామిక్ ఫైబర్. పింగాణీ మట్టిలాంటిదాన్ని కరిగించి, జోరుగా గాలి ఊది, దారాలుగా లాగుతారు. కుప్పపోస్తే అచ్చం దూదే. ముట్టుకుంటే మాత్రం సాయంత్రం దాకా దురద వదలదు. ఆ దూదిని నీళ్ళలో కలిపి, కొంచెం జిగురు చేర్చి, జల్లెడ మీద పోసి, కింద నుంచి పంపుతో నీళ్ళు లాగేస్తే పలక తయారవుతుంది. ఆ తడి పలకను ఓవెన్‌లో పెట్టి, వేడి కొద్దికొద్దిగా పెంచుతూ ఆరబెట్టాలి. ఆరాక చేతిలోకి తీసుకుంటే ఏమీ పట్టుకున్నట్టే ఉండదు. మంటలో పెట్టినా కాలదు. మిక్స్ కలపడం కరీం పని. ఆరబెట్టడం నా పని.

కరీం మా పక్క వీధి అబ్బాయి, నాకంటే కొంచెం పెద్ద. వాళ్ళ నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో పరుపులన్నీ ఆయన చేతివే. కరీం బీయస్సీ చదివి, నాతోపాటే అదే కంపెనీలో కెమిస్టుగా చేరాడు. ఇద్దరివీ తాత్కాలిక ఉద్యోగాలే. పర్మనెంట్ కావాలని ఇద్దరికీ ఆశే. "మా నాయిన మెత్తటి దూది ఏకాడు, నాను దురద దూది ఏకుతన్నాను. మా ఇంటికిది పెద్ద ప్రమోషన్ సెల్లెమ్మా" అని నవ్వేవాడు. నన్ను చెల్లెమ్మా అనే పిలిచేవాడు, నేను అన్నా అనేదాన్ని. అది ఊరికే నోటిమాట వరస కాదు. వర్షాలకి మా వీధిలో మోకాటి లోతు నీళ్ళు నిలిచినప్పుడు, నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టి, తను నీళ్ళలో నడుస్తూ బస్సు దాకా తోసుకొచ్చిన మనిషి అతను. అలాంటి మనిషికి నేను చేసింది వినండి.

ఒకసారి మాకు మామూలుగా రాని పని ఒకటి వచ్చింది. లేజర్ల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాల వాళ్ళు మా ఇన్‌చార్జి గారిని వెతుక్కుంటూ వచ్చారు. లేజర్ అంటే అప్పటికి మాకు పత్రికల్లో చదివిన మాటే. వాళ్ళ దగ్గరున్నది బాగా శక్తి ఉన్న రకం. కంటికి కనిపించని సన్నటి వెలుగు, ఇనుప రేకు మీద పడితే కన్నం పడుతుంది. అది దారి తప్పినప్పుడు ఎదురుగా ఉన్న మనుషుల్నీ యంత్రాల్నీ కాపాడే అడ్డు ఒకటి కావాలి వాళ్ళకి. ఇనుప పలకలైతే బరువు, పైగా అవి వేడెక్కిపోతాయి. ఒక్క మనిషి ఎత్తి ఎక్కడంటే అక్కడ పెట్టుకోగలిగేంత తేలికగా ఉండాలి, ఆ వెలుగుకి తట్టుకోవాలి. మా తెల్ల పలక పనికొస్తుందేమో చూద్దామన్నారు.

కరీంకి ఆ ఆలోచన పట్టుకుంది. అన్నం తింటున్నా అదే మాట. తెల్లటి దారాలు వెలుగును లోపలికి రానివ్వకుండా వెనక్కి చెదరగొడతాయి, దారాల మధ్యనున్న గాలి వేడిని అవతలికి పోనివ్వదు, కాబట్టి పలక ఎంత గుల్లగా ఉంటే అంత మంచిది అని అతని వాదన. జిగురు బాగా తగ్గించి ఒక కొత్త మిక్స్ చేశాడు. జిగురు తగ్గిస్తే పలక నిలబడదని ఇన్‌చార్జి గారి నమ్మకం. అయినా కరీం పట్టుదల చూసి సరే కానియ్ అన్నారు. పలకలు దిగాయి. వాటిని జల్లెడ మీంచి రెండు చేతులా పట్టి తీయాల్సొచ్చింది, అంత సుకుమారంగా ఉన్నాయి. ఆ రోజే కరీం తన మరదలి పెళ్ళికి భీమిలి వెళ్ళాలి. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"సెల్లెమ్మా, ఇంక నీ సేతుల్లోనే ఉంది. ఓవెన్ బేగి వేడెక్కించేయకు, నిదానంగా పోనీ" అన్నాడు.

ఓవెన్ చూసే ఆపరేటరుకీ నాకూ అంతకుముందే గొడవ. నా ట్రేలు నన్ను అడగకుండా పక్కన పడేశాడని, నలుగురి ముందూ "కళ్ళు నెత్తికెక్కాయా" అనేశాను. అతను వయసులో మా నాన్నంతవాడు. ఆ మాట అనకూడదు. అన్నాక కాస్త తగ్గి మాట్లాడొచ్చు, నేను అదీ చెయ్యలేదు. నాకు మూతి విరుపు ఎక్కువ, మాట తొందర ఎక్కువ అని మా అమ్మ మొదటి నుంచీ అంటూనే ఉంది. ఆ రోజు ఓవెన్ నిండా ఉక్కు ఫ్యాక్టరీకి పోవాల్సిన సరుకు ఉంది. మా పలకల కోసం దాన్ని తీయించాలంటే వెళ్ళి అతన్ని అడగాలి. మర్నాడే ఇన్‌చార్జి గారు పలకలు పట్టుకుని, పరీక్ష కోసం ఆ ప్రయోగశాలకి రైలెక్కాలి. అడిగితే తీసేవాడే. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. అతని ముందు తల వంచడం ఇష్టం లేక, పలకల్ని ఒక్కొక్కటిగా నేనే షెడ్డు పక్కనున్న ఆఫీసు డాబా మీదకు మోసుకుపోయాను.

ఎండ మండిపోతోంది. మా అమ్మ వడియాలు పెట్టినట్టే పెట్టాను. మడత మంచం వేసి, జల్లెడలు పరిచి, పలకలు సర్ది, పైన పల్చటి పాత గుడ్డ కప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పాత ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ చెయ్యని పని అది. పోర్టులో ఓడకి ఇనుప ఖనిజం ఎక్కిస్తున్నారంటే డాబా మీద తెల్లబట్ట ఉండకూడదని మా దగ్గర పసిపిల్లలకి కూడా తెలుసు. గాలి ఇటు తిరిగిందా, ఎర్రదుమ్ము వచ్చి పడుతుంది. తెల్ల చొక్కా గోధుమరంగుకి తిరుగుతుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ రంగు వదలదు. మా అమ్మ పొద్దున్నే డాబా ఎక్కి, ముందు పోర్టు వైపు చూసి, ఆ తరువాతే బట్టల బకెట్టు పైకి తెప్పించేది. "ఓడ వచ్చి ఆగిందే, బట్టలు లోపలే ఆరెయ్యి" అని కేక వేసేది. మరి ఆ రోజు నేను పోర్టు వైపు చూడలేదా? చూశాను. ఓడ ఉంది. గాలి అటు పోతోందిలే అనుకున్నాను. పొద్దెక్కాక గాలి సముద్రం మీంచి ఊరి మీదకు తిరుగుతుందని తెలియదా? సముద్రం పక్కన పుట్టి పెరిగినదాన్ని, తెలియకపోవడమేమిటి! తెలుసు. అయినా కిందికి దిగి, కుర్చీలో కూర్చుని, గాలి తిరగదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

సాయంత్రం గుడ్డ తీశాను. పలకల మీద సన్నటి ఎరుపు. కొట్టొచ్చినట్టు కాదు, పాలలో ఒక్క చుక్క డికాషన్ పడితే వచ్చే రంగు. బ్రష్‌తో దులిపాను, పోలేదు. గరుకు కాగితం తెచ్చి రుద్దాను. పైపొర లేచిపోయి తెల్లగా వచ్చింది. ఇంకా రుద్దాను. దుమ్ము పోయిందా, లేక ఆ గుల్ల పలకలో లోపలికి దిగిందా? ఆ ప్రశ్న నాలో సగం లేచింది. సగంలోనే నొక్కేశాను. పైకి తెల్లగా కనిపిస్తే చాలనుకున్నాను. కాగితంలో చుట్టి ఇన్‌చార్జి గారికి అందించాను. ఆయన చేతిలో ఎగరేసినట్టు తూచి, "అబ్బ, ఏం తేలికమ్మా!" అన్నారు. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన తిరిగి వచ్చేసరికి కరీం కూడా పెళ్ళి నుంచి వచ్చేశాడు. ఇన్‌చార్జి గారు మా విభాగం వాళ్ళందరినీ హాల్లోకి పిలిచి, పలకలు బల్ల మీద పెట్టారు. వాటికి కన్నాలు పడ్డాయి. ప్రతి కన్నం చుట్టూ నల్లటి గాజు అంచు, దాని పక్కన గోధుమరంగు మచ్చలు. చూసిన మరుక్షణం నాకు అర్థమైపోయింది. తెల్లదారం వెలుగును తిప్పికొడుతుంది. ఎర్రదుమ్ము తిప్పికొట్టదు, తాగేస్తుంది. తాగి, కాగి, పక్కనున్న దారాల్ని కూడా కరిగించేస్తుంది. ఇనుము కలిసిన మట్టి తొందరగా కరుగుతుందన్నది మా కొలిముల పనిలో రోజూ చెప్పుకునే మాటే. కానీ ఈ పలకలు డాబా ఎక్కాయని తెలిసింది అక్కడ నాకొక్కదానికే. ఆపరేటరు ఆ హాల్లో లేడు, అతని షిఫ్టు వేరు. తరువాత కూడా అతన్ని ఎవరూ అడగలేదు, నాతో మాటల్లేవు కాబట్టి తనంతట తను ఏమీ చెప్పలేదు.

ఇన్‌చార్జి గారు ముందు నన్నే అడిగారు.

"ఓవెన్‌లోనే ఆరబెట్టావా అమ్మా?"

"అవును సార్."

అదీ ఆ మాట. ఆయన తల తిప్పి కరీం వైపు చూశారు. జిగురు తగ్గిన పలక నిలబడదని తను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నానన్నారు. బయటివాళ్ళ ముందు కంపెనీ పరువు పోయిందన్నారు. కరీం పలకను చేతిలోకి తీసుకుని, ఆ మచ్చల్ని వేలితో తడుముతూ నిలబడ్డాడు. సమావేశం అయిపోయాక మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"సెల్లెమ్మా, ఒక మాటడుగుతాను, ఏటనుకోకు. ఓవెన్‌లోనే ఎట్టావు కదా?"

"అదేటన్నా, నా మీద అనుమానమేటి నీకు?"

"అనుమానం కాదు. ఆ మచ్చలు సూత్తే ఏదో ఇనుం తగిలినట్టుంది. జల్లెడకి తుప్పట్టిందేటో, ఓవెన్‌లో పైనుంచి ఏటైనా రాలిందేటో అని."

"ఏటీ రాల్లేదు. నాను పక్కనే కూకున్నాను."

అతను నా మొహంలోకి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది.

"అలగైతే నాదే తప్పు. నువ్వు సెప్పాక ఇంకేటుంది" అన్నాడు.

నమ్మేశాడు. అక్కడికక్కడే నమ్మేశాడు. నిజం అతని నాలుక చివరిదాకా వచ్చింది, నేను నా మాటతో దాన్ని వెనక్కి తోసేశాను. హాల్లో అన్న మాట తొందరలో జారిందని అనుకోవచ్చేమో. మెట్ల దగ్గర చెప్పింది అలా కాదు. అది ఆలోచించి చెప్పింది. ఎందుకు చెప్పాను? పర్మనెంట్ పోస్టు ఒక్కటే ఉందని అందరికీ తెలుసు. దాని కోసమేనా? నిజాయితీగా చెప్పాలంటే ఆ క్షణంలో పోస్టు గుర్తుకు రాలేదు. ఆపరేటరుకి భయపడి డాబా ఎక్కిందట అని నలుగురూ నవ్వుతారేమో అన్నదే గుర్తుకొచ్చింది. పోస్టు సంగతి రాత్రికి గుర్తుకొచ్చింది. గుర్తొచ్చాక కూడా నేను మర్నాడు నోరు విప్పలేదు, కాబట్టి దాని కోసం కూడా అనే రాసుకోండి.

కరీంని ఇక రావద్దన్నారు. పోస్టు నాకు వచ్చింది. కరీం భార్యని తీసుకుని, వాళ్ళ అత్తవారి ఊరు భీమిలి వెళ్ళిపోయి, తండ్రి చేసిన పనే మొదలుపెట్టాడని విన్నాను. పరుపులు కుడుతున్నాడట. వెళ్ళే ముందు మా ఇంటికి వచ్చి మా అమ్మకి చెప్పి వెళ్ళాడు. నేను తలనొప్పి అని వంక పెట్టి లోపలి గదిలో పడుకున్నాను.

అతను వెళ్ళిపోయాడు గానీ అతని పేరు మా షెడ్డులోనే ఉండిపోయింది. పలక విరిగితే "కరీం మిక్స్" అనేవారు. టీ పల్చగా ఉంటే "కరీం మిక్స్". కొత్తగా చేరిన వాళ్ళు, అతని మొహం కూడా చూడని వాళ్ళు, పనికిమాలిన ప్రతిదానికీ ఆ పేరు పెట్టి నవ్వుకునేవారు. నేను వాళ్ళతో కలిసి నవ్వలేదు. అదేదో గొప్ప అన్నట్టు చాలాకాలం నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. నవ్వకపోతే సరిపోయిందా? నోరు విప్పి ఒక్క మాట చెప్పాల్సిన దాన్ని, నవ్వకుండా కూర్చున్నందుకు నాకు నేనే మార్కులు వేసుకున్నాను!

అలా ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆ విభాగానికి నేనే హెడ్డునయ్యాను. అప్పటి ఇన్‌చార్జి గారు మేనేజరయ్యారు. మొన్న ఈమధ్య ఆ ప్రయోగశాల వాళ్ళే మళ్ళీ వచ్చారు. ఇన్నాళ్ళూ బరువు పలకలతో నెట్టుకొచ్చామని, వాటిని జరపలేక చస్తున్నామని, తేలికవి చేసిస్తారా అని అడిగారు. మా కుర్ర ఇంజనీర్లు తలలు బద్దలుకొట్టుకుంటున్నారు. జిగురు తగ్గించే మాట ఎవరూ ఎత్తడం లేదు. అది పని చెయ్యదని అందరికీ 'తెలుసు' కదా.

కరీం మిక్స్ నాకు బాగా గుర్తుంది. మరిచిపోదామన్నా మరపు రాలేదు. ఎవరికీ ఏమీ చెప్పకుండా దాన్ని మళ్ళీ కలిపించాను. ఈసారి ఓవెన్‌లోనే, తలుపులు కిటికీలు మూయించి, నిదానంగా ఆరబెట్టించాను. ఒక్క పలకను మాత్రం కావాలనే, ఓడ ఉన్న రోజు చూసి, డాబా మీద పెట్టాను. ఎర్రబడ్డాక దాన్నీ గరుకు కాగితంతో రుద్దాను. అన్నీ కలిపి పరీక్షకి పంపాను. తెలిసినదాన్నే మళ్ళీ తెలుసుకోవడానికి ఇంత ఎందుకు చేశానో చెప్పలేను. ఒకవేళ అన్నిటికీ కన్నాలు పడితే తప్పు కరీందే అని హాయిగా ఉండొచ్చని ఆశపడ్డానేమో. అదే అయి ఉంటుంది.

అన్నిటికీ పడలేదు. డాబా పలక ఒక్కటే కాలింది. మిగిలినవి చెక్కుచెదరలేదు. వెలుగు పడిన చోట కాస్త మెరుపు తేలింది, అంతే. ఆ కబురు వచ్చిన రోజు షెడ్డులో పండగ చేసుకున్నారు. కుర్రాళ్ళు మిఠాయి తెచ్చి పంచారు. అందులో ఒకడు, మంచి పిల్లవాడే, నా చేతిలో లడ్డూ పెట్టి, "కరీం మిక్స్ కాదు, మేడమ్ మిక్స్!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ లడ్డూ నేను తినలేకపోయాను. అతని పేరు మీద ఉన్నంతకాలం నవ్వులపాలైన మిక్స్, నా పేరు మీదకు మారగానే చప్పట్లు కొట్టించుకుంది. ఉద్యోగం తీశాను, పేరు తీశాను, ఇప్పుడు అతని తెలివి కూడా తీసుకోబోతున్నాను. ఎవరూ ఆపరు. అడ్డు చెప్పగలిగేది ప్రపంచంలో నేనొక్కదాన్నే. నాకు నిజంగా భయం వేసింది, నేను ఊరుకుండిపోతానేమో అని.

ఆదివారం భీమిలి బస్సెక్కాను. కరీం దుకాణం బస్టాండుకి దగ్గరే. లోపల దూది గుట్టల మధ్య కూర్చుని పరుపు కుడుతున్నాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూడగానే మొహం విప్పారింది. "ఏటి సెల్లెమ్మా, దారి తప్పొచ్చావా!" అని లేచి స్టూలు తుడిచాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. డాబా, గుడ్డ, గరుకు కాగితం, మెట్ల దగ్గర ఆడిన అబద్ధం, కొత్త పరీక్ష, చప్పట్లు, అన్నీ. అతను సూది పట్టుకునే విన్నాడు. విన్నాక ఆ సూదిని పరుపులో గుచ్చి పెట్టాడు.

"ఇన్నాళ్ళూ నా మిక్సే తప్పనుకున్నాను" అన్నాడు. "పరుపు కుడతన్నా అదే ఆలోసన. ఇంకొంచెం జిగురు ఎయ్యాల్సిందేటో అని ఎన్నిసార్లు అనుకున్నానో మీకు తెలుసేటి, మేడమ్ గారూ?"

చెల్లెమ్మ పోయి మేడమ్ గారు వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఇక్కడ ఏడవకండి. ఏడిస్తే మీకు తేలికైపోద్ది. క్షమించమని కూడా అడక్కండి, నాకు మనసు రాదు. నా ఎదురుగా సెప్పడం సులువే. ఎవుల ముందు నా పేరు సెడిందో ఆల్ల ముందు సెప్పండి."

"నువ్వూ రా అన్నా. నీ ముందే సెప్తాను."

"నానెందుకొత్తాను? నాను తప్పు సేసానేటి?"

ఆ మాట నిజం. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చుని, చెప్పకుండా తప్పించుకునే దారులు ఎన్ని ఉన్నాయో అన్నీ వెతికాను. అలవాటు ఊరికే పోదు కదా. మేనేజరు గారికి ఒక్కరికే, తలుపు వేసుకుని చెప్తే చాలదా? చాలదు. పేరు పోయింది హాల్లో. హాల్లోనే చెప్పాలి.

సోమవారం పొద్దున్న అందరినీ పిలిచాను. మిఠాయి రెండో విడత ఉందేమో అనుకున్నట్టున్నారు, నవ్వుతూ వచ్చారు. మేనేజరు గారూ వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. బల్ల అంచు పట్టుకుని చెప్పాను. మిక్స్ నాది కాదు, కరీంది. అప్పుడు పాడైంది మిక్స్ వల్ల కాదు, నా వల్ల. ఓవెన్‌లో పెట్టానని ఇదే హాల్లో అబద్ధం చెప్పాను. చెప్పడం అయిపోయాక మేనేజరు గారు కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుస్తూ కూర్చున్నారు.

"నేనైనా ఆ మచ్చలేమిటని అడిగి ఉండాల్సింది" అన్నారు మెల్లగా. తరువాత నా వైపు చూడకుండా, "మీ సంగతి పైవాళ్ళతో మాట్లాడాలి. కరీం దగ్గరికి మాత్రం నేనే వెళ్తాను" అన్నారు.

నా మీద ఆకాశం విరిగిపడుతుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. పడలేదు. లడ్డూ ఇచ్చిన పిల్లవాడు చెయ్యెత్తి, "అయితే మేడమ్, పలకలు ఆరే గదికి దుమ్ము రాకుండా జంట తలుపులు పెట్టిద్దామా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వాళ్ళు అప్పుడే పనిలో పడ్డారు. మధ్యాహ్నానికి ఒకరిద్దరు "కరీం మిక్స్ మళ్ళీ ఎప్పుడు కలపాలి?" అని మామూలుగా అనడం విన్నాను. ఎవరూ నవ్వలేదు. హెడ్డు కుర్చీ నా దగ్గర ఉంటుందో లేదో ఇంకా తేలలేదు. పోతే మళ్ళీ ఓవెన్ పక్కన కూర్చుంటాను. ఆ పని నాకు వచ్చు, ఈసారి సరిగ్గా చేస్తాను.

మళ్ళీ ఆదివారం భీమిలి వెళ్ళాను. మేనేజరు గారు అప్పటికే వచ్చి వెళ్ళారట. కంపెనీకి రమ్మని అడిగారట, కరీం ఆలోచించుకుంటానన్నాడట. ఈ సంగతులన్నీ అతను నా వైపు చూడకుండా, దారం ఎక్కిస్తూ చెప్పాడు. నన్ను కూర్చోమనలేదు. తనకింకా కోపం తగ్గలేదని ఉన్నదున్నట్టు చెప్పాడు. తగ్గక్కర్లేదన్నాను. నిజంగానే అన్నాను. అతని కోపం అతని ఇష్టం, అది తగ్గించమని అడిగే హక్కు నాకు లేదు. నేను వెళ్ళొస్తానని మెట్టు దిగుతుంటే, "ఆగండి" అన్నాడు.

లోపలి తెర వైపు తిరిగి భార్యని కేక వేశాడు. "ఇలగ రా. ఈవిడ సెప్పేది ఇను."

నాకేసి తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "మా మావగారు సచ్చిపోయేదాకా నన్ను సేతకానోడనే అన్నాడు. ఇదీ అలగే అనుకుంటంది, పైకి అనదు. నాను సెప్తే నమ్మదు. మీరే సెప్పండి."

ఆమె కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. సన్నటి మనిషి, నా వయసుదే. నన్ను గుర్తుపట్టి నవ్వబోయి, మా ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయింది. హాల్లో అంతమంది ముందు చెప్పినప్పుడు కూడా నాకు అంత కష్టం అనిపించలేదు. అయినా ఈసారి తప్పించుకునే దారి వెతకాలని అనిపించలేదు. మెట్టు ఎక్కి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"వదినా, మీ ఆయన పనిలో ఏ తప్పూ లేదు" అన్నాను. "పలకలు పాడుసేసింది నాను."